చెవి మీద బొంత

ఆశ్వయుజ శుద్ధ పంచమి. ఎండ. సముద్రం నిలకడ.

నాలుగో తెప్ప మీద ఎవరో చెవికి బొంత కప్పారని పొద్దున నా దగ్గరికి ఫిర్యాదు వచ్చింది. సముద్రం మీద తెప్పలు కట్టుకుని తేలే మా తెప్పూరులో చెవి మూయడం దొంగతనం కన్నా పెద్ద నేరం. ఊరి వార్తలు రాయడం మొదలుపెట్టాక ఇలాంటి ఫిర్యాదు వినడం ఇదే మొదలు. వార్తలో పట్టనివి ఈ చిట్టాలో విడిగా రాస్తున్నాను.

వంతెన దగ్గర "తెరు" అన్నాను. గేటు తెరుచుకుంది. "నాలుగో తెప్పకి" అన్నాను. పలకలు బిగుసుకుని దారి పడింది. తలుపులు, దీపాలు, మంచినీళ్లు, పంపులు, అన్నీ ఇలా మాటతోనే నడుస్తాయి. ప్రతి గోడకీ కొబ్బరికాయంత చెవి ఒకటి ఉంటుంది. అది విన్నదాన్ని విన్నట్టే చేస్తుంది. ఆకలికి చచ్చిపోతున్నానని ఎవరైనా అంటే వైద్యుడి పడవ బయల్దేరుతుంది. అందుకని మా ఊళ్లో అలా ఎవరూ అనరు. గుండె ఆగినంత పనైందని అనరు. ఒకరినొకరు తిట్టుకోరు.

నాలుగో తెప్ప చివరింటి గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగాయి. లోపలి నుంచి ఆడగొంతు వినిపిస్తోంది.

"నీ మొహం మండ! నా వల అట్టుకుపోయి చింపి ఇత్తావా? నీ చేతులిరగా!"

"నీ వలా అది? ఎలకలు కూడా అందులో కాపరం చెయ్యవే!"

తర్వాత ఇద్దరూ నవ్వారు. చిన్నప్పుడు ఒడ్డున ఉండగా విన్నాను ఇలాంటివి. లోపలికి వెళ్లాను. గోడ మీద చెవిని నిండా కప్పేస్తూ పాత చీరల బొంత వేలాడుతోంది. తిట్టుకున్న ఇద్దరూ వలలు అల్లేవాళ్లు. వాళ్ల పిల్లలు నేల మీద చిప్పలు పేర్చుకుంటున్నారు.

"మీరూ ఒకటి తిట్టేసి కూకోండి, వార్తలక్కా. ఇక్కడ ఏం కాదు," అంది ఒకామె.

ఇంటి మనిషి లేచి వచ్చింది. పేరు నూకరత్నం. అందరూ రత్నం టీచరంటారు. ఒడ్డున పిల్లల ఆసుపత్రిలో ఆటలతో వైద్యం చేసేది. నిరుడు తెప్పూరుకి వచ్చింది.

"బొంత ఎవరు కప్పారు?" అని అడిగాను.

"నేనేనండీ. రాసుకోండి. కుట్టింది కూడా నేనే. అతుకులు వంకరగా వచ్చాయి, అదీ రాసుకోండి."

"ఎందుకు?"

"కాసేపు కూర్చుంటే మీకే తెలుస్తుందండీ. నేను చెప్తే నా మాట అవుతుంది. వార్తకి ఒకరి మాట సరిపోదు కదా."

కూర్చున్నాను.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి. పడమర గాలి.

ముత్యాలు అనే పిల్ల గురించి రాయాలి. కార్తీకంలో ఐదేళ్లు నిండుతాయి. తల్లి కనకం తెప్పల అడుగున నీళ్లు తోడే పంపుల దగ్గర మెకానిక్కు.

ముత్యాలుకి మాటలు వచ్చు. "తలుపు తెరు." "దీపం." "నీళ్లు." "పాట ఆపు." ఇవన్నీ గోడతోనే. మనుషులతో ఒక్క మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. ఆకలైతే తల్లి చెయ్యి పట్టుకోదు, వంటింటి గోడ దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. తెప్పూరులో ఈ వయసు పిల్లల్లో సగం మంది ఇలాగే ఉన్నారు. ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. పెంపకం అనుకున్నారు. నోరు మెదపని పిల్లని చూసి ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్లు. పిల్లలు వదరితే గోడ ఏదో ఒకటి చేసేస్తుందని భయం. అందుకే ఎవరింట్లో పిల్ల గొంతెత్తినా "ఉష్" అనే మాటే ముందు వినిపిస్తుంది.

ఈ రోజు చూసింది ఇది. ముత్యాలు గోడ వైపు తిరిగి "నీళ్లు" అంది. బొంత కింద చెవికి వినపడలేదు. మళ్లీ అంది. రత్నం టీచరు చెంబు చేత్తో పట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. ఇవ్వలేదు. కావాలా అని అడగలేదు. ముత్యాలు గోడని అరచేత్తో కొట్టింది, ఏడ్చింది. నాకు లేచి చెంబు అందుకోవాలనిపించింది. కనకం కూడా లేవబోయింది. రత్నం టీచరు తల అడ్డంగా ఊపింది. ఏడుపు సన్నగిల్లాక పిల్ల చెంబుని చూసింది. చెంబు పట్టుకున్న చేతిని చూసింది. చెయ్యి వెంబడే పైకి చూసి చివరికి మొహం దగ్గర ఆగింది.

"ఇదిగో అమ్మడూ, నీళ్లు," అని వెంటనే ఇచ్చింది టీచరు.

పిల్ల తాగింది. తాగుతున్నంతసేపూ చెంబు అంచు మీదుగా ఆ మొహాన్నే చూసింది. కనకం గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

"కన్నందుకు నా మొహం ఒక్కపాలి కూడా అలా చూళ్లేదక్కా," అంది నాతో. "ఇంట్లో నేనుండాను, గోడుంది. గోడే మంచిదైపోయింది దానికి."

ఆశ్వయుజ పౌర్ణమి. పెద్ద పోటు.

రత్నం టీచరు ఎలా పనిచేస్తుందో అడిగి రాసుకున్నాను. పిల్లకి ముందు మనిషి మొహం కావాలట. తర్వాత వంతు: బంతి నీ దగ్గరికి దొర్లిస్తాను, నువ్వు నాకు దొర్లించు. ఆ తర్వాత ఉత్తుత్తి.

"చిప్పని గిన్నె అనుకోగలిగిన పిల్లే, నోట్లోంచి వచ్చే చప్పుడుని ఒక వస్తువు పేరు అనుకోగలదండీ. రెండూ ఒకే పని. ఇక్కడ చిప్పని గిన్నె అంటే గోడ ఒప్పుకోదు. పిల్ల ఇసకతో అన్నం వండితే 'అది ఇసుక, ఆహారం కాదు' అంటుంది. రెండుసార్లు అన్నాక పిల్ల వండటం మానేస్తుంది. వండటం మానేసిన పిల్ల మాట్లాడటం ఎక్కడ నేర్చుకుంటుంది?"

ఈ రోజు గుజ్జనగూళ్ల ఆట. చిప్పల్లో తడి ఇసక, పైన సముద్రపు నాచు. టీచరు ఒక చిప్ప ఎత్తి ఊది, చప్పరించి, "అబ్బ, ఉప్పెక్కువైంది!" అని మొహం ముడిచింది. ముత్యాలు కదల్లేదు. టీచరు ఇంకో చిప్ప ఎత్తింది. మళ్లీ అదే మొహం. మూడో చిప్పకి పిల్ల చెయ్యి చాపి, నాచు తీసేసి, టీచరు ముందు పెట్టింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అంది టీచరు.

ముత్యాలు నవ్వింది. కనకం పంపుల దగ్గర పనికి ఆలస్యమైనా అక్కడే నిలబడిపోయింది.

కనకానికి తొందరెందుకో కూడా రాయాలి. ఐదేళ్లు నిండగానే పిల్లల గొంతు నమోదు చేస్తారు. రక్షణాధికారి ఎదుట కూర్చుని, అడిగిన మూడు ప్రశ్నలకి మనిషి మొహం చూసి జవాబు చెప్పాలి. చెప్పినవాళ్ల గొంతుని చెవులు గుర్తుపెట్టుకుంటాయి. చెప్పలేని పిల్లలకి మెడకి పట్టీ వేస్తారు. పట్టీ ఉన్న గొంతు నుంచి శబ్దం రాదు. ఒకసారి వేస్తే తియ్యరు. ఇప్పటికి ఊళ్లో పట్టీ పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లని బడికి పంపరు. వలలు ఆరబెట్టే పనికి పెడతారు.

"ఏది నిజమో ఏది కాదో తెలీని నోరు ఊరికి ప్రమాదం అంటారక్కా," అంది కనకం. "నా పిల్ల నోరు ఇంకా తెరుచుకోనేలేదు. తెరుచుకోకుండానే మూసేత్తారా?"

ఆశ్వయుజ బహుళ తదియ. మబ్బు.

రక్షణాధికారి సూరన్న గారిని వంతెనల కార్యాలయంలో కలిశాను. తెప్పూరులో ఆయన కథ తెలియనివాళ్లు లేరు. ఏడో తెప్ప మీద ఆయన ఇల్లు ఉండేది. గాలివాన రోజున ఆయన కూతురు ఆటలో "గండి పడింది!" అని అరిచింది. ఆ మాట వింటే చెవి ఎవరినీ అడగదు. మిగతా ఊరు మునగకుండా ఆ తెప్ప వంతెనలు విప్పేస్తుంది. అలాగే విప్పేసింది. భార్య, కూతురు, ఇంకా నాలుగు కుటుంబాలు ఆ తెప్ప మీదే కొట్టుకుపోయారు. ఉత్తుత్తి ఆటల్ని నిషేధించింది ఆ తర్వాతే.

ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు:

"చూడమ్మా, ఆ రత్నమ్మ గారి మీద నాకేం కోపం లేదు. చదువుకున్న మనిషి. కానీ ఆవిడ ఒడ్డు నించి వచ్చింది. ఒడ్డున పిల్ల అబద్ధం ఆడితే గోడ కూలిపోదు."

"ఆట అబద్ధమేనా?"

"చెవికి అంతే." బల్ల మీద కాగితాలు పక్కకి జరిపారు. "నువ్వు రాయని సంగతొకటుంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వంతెన విడిపోతుంటే నేను ఇవతల ఉన్నాను. మా పిల్ల అంచు దాకా వచ్చి, తూచ్, తూచ్ అని అరుస్తానే ఉంది. దానికి తెలిసిపోయింది. చెవికి ఆ మాట తెలీదు."

నేను రాయడం ఆపాను. మళ్లీ మొదలుపెట్టాను. "అయితే చెవికి ఆ మాట నేర్పొచ్చు కదండీ?"

"నిజంగా గండి పడ్డ రోజున ఎవడో ఒకడు తూచ్ అంటాడు. ఆ తెప్ప మీద వాడి పిల్లలుంటే అంటాడు. నేనే అంటాను. ఊరంతా మునిగిపోద్ది. అందుకే నేర్పను. రాసుకో."

ఆయన వాదనలో లొసుగు వెతికాను. దొరకలేదు.

తిరిగి వస్తూ నాలుగో తెప్ప దగ్గర ఆగి రత్నం టీచరుకి చెప్పాను. ఆమె వింటూ చిప్పలు ఒక్కొక్కటే కడిగి బోర్లించింది.

"గండికి తూచ్ వద్దు. ఆయన చెప్పింది రైటేనండీ," అంది చివరికి. "కానీ ఆ పిల్ల సంగతి చూడండి. తను అన్నది ఆటనీ, ఎదురుగా జరుగుతున్నది ఆట కాదనీ ఆ పిల్లకి ఒక్క క్షణంలో తెలిసింది. ఆడింది కాబట్టే తెలిసింది. ముత్యాలుకి అది తెలీదు. రేపు నిజంగా నీళ్లొస్తే ఎవరికి చెప్పాలో కూడా తెలీదు. ఏ మాటతో ఆడకూడదో పిల్లలకి చెప్పండి, ఒప్పుకుంటారు. ఆటకి కట్టుబాట్లు పెట్టుకునేది వాళ్లే కదా. అసలు ఆటే లేకుండా చేస్తే కట్టుబాటు ఎక్కడిది?"

ఇద్దరి మాటలూ వార్తలో పక్కపక్కన వేశాను. తూచ్ సంగతి కూడా వేశాను. ఆయన వద్దనలేదు.

ఆశ్వయుజ బహుళ దశమి. చినుకులు.

వార్త వచ్చిన మర్నాడే కాపలావాళ్లు బొంత పీకేసి తీసుకుపోయారు. ఆట ఆపమని రత్నం టీచరుకి నోటిమాటగా చెప్పారు. ఆమె ఆపలేదు. పిల్లలు మామూలుగానే వచ్చారు. చెవి మాత్రం ఇప్పుడు వింటోంది.

మొదటిరోజంతా గందరగోళం. ఒక పిల్లాడు "వానొస్తోంది" అంటే కిటికీలన్నీ మూసుకున్నాయి. ఇంకో పిల్ల "చేపలమ్మా, చేపలు!" అని బుట్ట ఎత్తుకుంటే గోడ "ఎన్ని? ఏ రకం?" అని అడిగింది. "బోల్డు!" అంది పిల్ల. "సంఖ్య చెప్పండి," అంది గోడ. "ఒసే గోడా, నీకు అరువివ్వను పో!" అంది పిల్ల. తల్లులు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తర్వాత జరిగింది ఇంకా పెద్దది. ముత్యాలు గుడ్డబొమ్మని ఒళ్లో వేసుకుని నుదుటి మీద చెయ్యి పెట్టింది. కనకం వైపు తిరిగి "జరం" అంది.

తల్లితో ముత్యాలు అన్న మొదటి మాట అది. కనకం ఉలిక్కిపడి ఏం చెయ్యాలో తెలియక "అయ్యో, ఎవరికే?" అంది. అంతే, గోడ మీద ఎర్రదీపం వెలిగింది. కాసేపటికి వైద్యుడు పెట్టె పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. కొత్త కుర్రాడు, పేరు వీరభద్రం.

"ఎవరికండీ జ్వరం?"

ముత్యాలు బొమ్మని ఎత్తి చూపించింది. వీరభద్రం గోడని చూశాడు, టీచరుని చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ చంకలో థర్మామీటరు పెట్టాడు. పిల్లలు చుట్టూ మూగారు. తీసి చూశాడు.

"కొంచెం ఉందమ్మా. పడుకోబెట్టు. పులుపు పెట్టకు."

"రోగి గుర్తించబడలేదు. అసత్యం," అంది గోడ.

"నోరు ముయ్యి," అన్నాడు వీరభద్రం, ఇంకేం తోచక. గోడకి నోరు మూయడం ఎలాగో తెలియదు కాబట్టి ఆ ఆజ్ఞ మీద అది చాలాసేపు ఆలోచించింది.

ఆ మధ్యాహ్నమే పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి టీచరు ఒక సంగతి చెప్పింది. ఆట మొదలుపెట్టే ముందు "ఉత్తుత్తికి" అనాలి. ఒక మాట మాత్రం ఆటలోకి రాదు. ఆ మాట ఏదో వాళ్ల చెవుల్లో ఒక్కొక్కరికీ గుసగుసగా చెప్పింది. పెద్ద పిల్లలు తలలూపారు. ఒకడు "ఎవరైనా అంటే?" అని అడిగాడు. "మీరే చెప్పండి," అంది టీచరు. "ఆటలోంచి అవుటు," అన్నారు పిల్లలు. ముత్యాలు ఏమీ అనలేదు. విందో లేదో నాకు తెలియదు.

సాయంత్రం తాఖీదు వచ్చింది. వైద్యుడి పడవని అబద్ధపు పిలుపుతో రప్పించినందుకు నూకరత్నం ఒడ్డు నుంచి వచ్చే పడవలో తెప్పూరు విడిచి వెళ్లాలి. వీరభద్రానికి మందలింపు. అతను నా దగ్గరికి వచ్చి, "బొమ్మకి జ్వరం లేదని నేను చెప్పలేదు, మేడమ్, అదీ రాయండి," అన్నాడు. రాశాను.

కార్తీక శుద్ధ చవితి. గాలి ఎక్కువ.

ముత్యాలు గొంతు నమోదు ఈ రోజు. మొదటి తెప్ప సభాగదిలో. సూరన్న గారు బల్లకి అటు, ముత్యాలు ఇటు. బల్ల మీద పళ్లెంలో పట్టీ. గోడ బారున తల్లులు, వెనక వరసలో రత్నం టీచరు. కనకం పిల్ల వెనక నిలబడింది.

"నీ పేరేంటమ్మా?"

జవాబు లేదు. పిల్ల గోడని చూసింది.

"ఎవరి పిల్లవి?"

జవాబు లేదు.

"నేల మీద నీళ్లు కనిపిస్తే ఏం చేస్తావు?"

ముత్యాలు బల్ల మీదికి వంగి పళ్లెం దగ్గరికి లాక్కుంది. పట్టీని గుండ్రంగా మధ్యలో పెట్టింది. అందులోకి చేత్తో ఏదో వడ్డించింది. ఇంకొంచెం వడ్డించింది. పళ్లేన్ని సూరన్న గారి ముందుకి తోసింది. గోడ వైపు చూడలేదు. ఆయన మొహం చూసింది.

"తిను."



"ఇందులో ఏమీ లేదు," అన్నారు సూరన్న గారు.

"పళ్లెంలో ఆహారం లేదు," అంది గోడ.

ముత్యాలు ఆయన మొహంలోకి ఇంకాస్త దగ్గరగా చూసింది. ఆయన ఎందుకు తినడం లేదో వెతుకుతున్నట్టుంది. దొరికినట్టుంది. పళ్లేన్ని మళ్లీ లాక్కుని, బుగ్గలు పొంగించి, మూడుసార్లు ఊదింది. ముందుకి తోసింది.

"ఇప్పుడు తిను. సల్లారింది."

"చూశారాండీ?" రత్నం టీచరు లేచి నిలబడింది. "మీరు అడిగిన మూడింటికీ కలిపి జవాబు చెప్పింది. మీ మొహం చూసింది. మీ ఇబ్బంది ఏంటో ఊహించింది. దాన్ని తీర్చడానికి మాట్లాడింది. ఇంతకన్నా మనిషి మనిషితో చేసే పని ఏముందండీ?"

"కూర్చోండి, రత్నమ్మ గారూ."

"కూర్చోనండీ."

సూరన్న గారు పళ్లేన్ని చాలాసేపు చూశారు. ఆయన కుడిచెయ్యి బల్ల మీద కొంచెం కదిలింది. అది నేను చూశాను. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మూడు ప్రశ్నలకీ జవాబు లేదు. పట్టీ వెయ్యండి," అన్నారు కాపలావాళ్లతో. గొంతు మామూలుగానే ఉంది.

కాపలావాళ్ల కన్నా ముందు కనకం కదిలింది. పళ్లెంలోంచి పట్టీ తీసుకుంది. నాలుగు అంగల్లో కిటికీ దగ్గరికి వెళ్లి నీళ్లలోకి విసిరేసింది. తిరిగొచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"ఇది ఉత్తుత్తి కాదండి," అంది. "రాసుకోండి. ఇంకోటి తెత్తే అదీ పారేత్తాను. పంపుల పనిలోంచి తీసేత్తారా, తియ్యండి. కింద నీళ్లు మీరే తోడుకుందురు గాని."

కనకాన్ని పనిలోంచి తీశారు. కొత్త పట్టీ కోసం ఒడ్డుకి కబురు వెళ్లింది. టీచరుని తీసుకుపోవడానికి వచ్చే పడవలోనే అది వస్తుంది.

కార్తీక శుద్ధ ఏకాదశి. ఎండ. పాటు మధ్యాహ్నం, అప్పటి నుంచి నీళ్లు తీస్తాయి.

పొద్దున నేను రేవుకి వెళ్లేసరికి అక్కడ కాలు పెట్టే చోటు లేదు. నాలుగో తెప్ప పిల్లలు, మిగతా తెప్పల పిల్లలు, వాళ్ల తల్లులు, కొంతమంది తండ్రులు. వీరభద్రం కూడా పెట్టెతో వచ్చి కూర్చున్నాడు. రేవు అంచు దాకా చిప్పలు, ఇసక, నాచు, గుడ్డబొమ్మలు. మెడకి పట్టీలున్న పెద్ద పిల్లలు కొందరు వలలు వదిలేసి వచ్చారు. వాళ్లు మాట్లాడలేరు, వండగలరు. రత్నం టీచరు మధ్యలో మఠం వేసుకుని కూర్చుంది. ఆమె సామాను ఇంట్లోనే ఉంది.

పడవ వచ్చి ఆగింది. పడవ నడిపే సరంగు పలక దించబోతే పలక దిగాల్సిన చోట ఒక పిల్ల పొయ్యి పెట్టుకుని ఉంది.

"జరుగమ్మా," అన్నాడు.

"పొంగొచ్చేదాకా ఆగు మావా," అంది పిల్ల.

రేవు స్తంభం మీద చెవి ఊపిరి తిప్పుకోవడం లేదు. "అసత్యం. అసత్యం. పొయ్యిలో నిప్పు లేదు. అసత్యం." కాసేపటికి పిల్లలు దానికి అలవాటు పడి, అది అనేలోపే వాళ్లే "అసత్యం!" అని దానితో పాటు అరవడం మొదలుపెట్టారు. తర్వాత అదీ ఒక ఆట అయిపోయింది.

సూరన్న గారు కాపలావాళ్లతో వచ్చారు. కాపలావాళ్లలో ఒకడి కొడుకు రేవు మీదే ఉన్నాడు. వాడు తండ్రిని చూసి ఒక చిప్ప ఎత్తి చూపించాడు. ఆ తండ్రి ఎటూ చూడకుండా నిలబడ్డాడు.

"రత్నమ్మ గారూ, ఎక్కండి."

"ఎక్కనండీ. ఎత్తుకుని తీసుకుపోవాలంటే వీళ్లందరి మీద నించి నడవాలి. పిల్లల అన్నం తొక్కకండి, అంతే నేను అడిగేది."

"ఇక్కడ అన్నం లేదు."

"మీకు లేదండీ."

అప్పుడు జరిగిన దాన్ని జాగ్రత్తగా రాస్తున్నాను. రేవు చివర ఇద్దరు పిల్లలు చెక్కపలకని పడవ చేసుకుని తోస్తున్నారు. పలక ఒరిగింది. ఒకడు ఉత్సాహంగా రెండు చేతులూ ఎత్తి నోరు తెరిచాడు. ఏం అనబోతున్నాడో అక్కడున్న పెద్దలందరికీ అర్థమైంది. అందరం ఒక్కసారే లేచాం. సూరన్న గారు ముందుకి దూకారు. ఆయన ఇంకా దూరంలోనే ఉన్నారు.

వాడి పక్కనే ఉన్న ముత్యాలు లేచి వాడి నోటి మీద అరచెయ్యి వేసింది.

"ఆ మాట లేదు," అంది. "ఆటలో లేదు. అంటే అవుటు."

వాడు తల ఊపాడు. ముత్యాలు చెయ్యి తీసింది. "పడవ మునిగింది, తూచ్," అన్నాడు వాడు. "మళ్లీ మొదట్నించి." మళ్లీ మొదలుపెట్టారు.

వంతెనలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

సూరన్న గారు చిప్పల మధ్య నిలబడిపోయారు. ఊపిరి గట్టిగా తీసుకుంటున్నారు. ముత్యాలు ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఆయన దేనికీ పనికొచ్చేలా కనిపించలేదు కాబోలు.

"నువ్వు అరటిపండు," అంది. "ఇక్కడ నిలబడు."

తల్లులెవరూ నవ్వలేదు. ఆటలో ఉంటూ ఆటకి లెక్కలేని వాడు అరటిపండు. గెలుపూ ఓటమీ వాడికి లేవు. కానీ వాడిని ఆటలోంచి ఎవరూ గెంటరు. ఆయన కూతురికి ఆ మాట తెలిసే ఉంటుంది. ఆయనకి కూడా. ఆయన కూర్చోలేదు. కాపలావాళ్లకి ఏమీ చెప్పలేదు. చూపించిన చోట నిలబడ్డారు.

పాటు మొదలైంది. నీళ్లు తగ్గుతుంటే పడవ ఆగదు. సరంగు ఒకసారి సూరన్న గారి వైపు చూశాడు. ఆయన చూపించిన చోటు నుంచి కదల్లేదు. దింపాల్సిన పట్టీ పెట్టె దింపకుండానే, ఎక్కించాల్సిన మనిషిని ఎక్కించకుండానే పడవ తిప్పాడు. కనకం లేచి వెళ్లి, పెట్టె కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి వచ్చి కూర్చుంది.

తాఖీదు రద్దు కాలేదు. కొత్త పట్టీ ఇంకో పడవలో రావచ్చు. రేపు కూడా రేవు మీదే ఉంటామని తల్లులు చెప్పారు. ఇవి ఈ రోజటి వాస్తవాలు.

సాయంత్రం వార్త చదివి వినిపించాను. ఊరి గోడల మీద పడే ముందు ప్రతి వాక్యాన్నీ చెవి సరిచూస్తుంది. పడవ వెళ్లింది, నూకరత్నం ఇక్కడే ఉంది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇక్కడి దాకా అభ్యంతరం రాలేదు. చివరి వాక్యాలు చదివాను: "ఈ రోజు రేవు మీద పిల్లలు చేపల పులుసు వండారు. పెద్దలు తిన్నారు. ఈ వార్త రాసినవారూ తిన్నారు. బాగుంది."

"చివరి నాలుగు వాక్యాలు అసత్యం," అంది చెవి. "సవరించండి."

"సవరించను," అన్నాను.